నాలుగో పేజీ

మొన్న ఇద్దరమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. నేను ఆఖరున పనిచేసిన దివ్యాంగ పిల్లల కేంద్రంలో కొత్తగా చేరారట, ఆఫీసు పనంతా వాళ్ల మెడకే చుట్టారట. "సార్, దినాం ఏదో ఒక కాయితం వస్తాంది. ఒకనాడు రూల్ మారిందంటరు, ఒకనాడు గ్రాంటు ఫారం మారిందంటరు. అన్నీ ఇంగ్లీషుల ఉంటయి. ఏది చదవాలె, ఏది ఇడిచిపెట్టాలె?" అని అడిగారు. వాళ్లకు చాయ్ ఇచ్చి, ఫైళ్లు ఎట్లా పెట్టుకోవాలో, ఏ కాగితానికి ఎన్ని నకళ్లు తీయాలో చెప్పి పంపించాను. అసలు చెప్పవలసింది మాత్రం చెప్పలేదు. చెప్పడానికి ధైర్యం చాలలేదు. అందుకే రాస్తున్నాను.

ముందు నా సంగతి. ముప్పై రెండేళ్లు బొగ్గుబాయి మీద టైమాఫీసు గుమాస్తాగా పనిచేశాను. టైమాఫీసంటే మస్టర్లు వేసే చోటు. మస్టరంటే హాజరు. బయటివాళ్లకు హాజరంటే పట్టీలో ఒక గీత. గోదావరిఖనిలో అది బువ్వ. చెప్పకుండా మస్టర్లు పోగొట్టుకుంటూ పోతే ముందు నోటీసు వస్తుంది, తర్వాత విచారణ, ఆ తర్వాత ఉద్యోగమే పోతుంది. అట్లా పోయిన ఇళ్లు ప్రతి వాడలో ఉంటాయి. అందుకే ఒళ్లు కాలిపోతున్నా చెద్దరు కప్పుకుని వచ్చి, మస్టర్ వేయించుకుని, ఎక్కడో మూలకు కూర్చునేవాళ్లుండేవారు. నేను కిటికీలోంచి వాళ్లను చూసి "శభాష్, గిట్లుండాలె మనిషంటే" అనేవాడిని. నా బుద్ధి అట్లా తయారైంది మరి.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే తోచలేదు. నా భార్యకు నేను ఇంట్లో ఉంటే అసలే తోచలేదు. ఊరి చివర ఒక పాత క్వార్టర్‌లో ట్రస్టు తరఫున దివ్యాంగ పిల్లల కేంద్రం నడుపుతున్న పెద్ద మేడమ్ దగ్గర చేరాను. ఆమె రిటైరైన టీచరు. వాళ్ల నాయన కూడా బాయి మీద పనిచేసినవాడే. ప్రతి ఉదయం పిల్లలందరి తల మీద చెయ్యిపెట్టి చిన్న ప్రార్థన చేసేది. నన్ను తమ్ముడూ అని పిలిచేది. "తమ్ముడూ, పిల్లలను మేం చూస్కుంటం, కాయితాలను నువ్వు చూస్కో" అని మొదటి రోజే చెప్పింది. కాయితాలు నాకెంత పని అనుకున్నాను.

మాతోపాటు ఒక ఫిజియో అమ్మాయి ఉండేది. రోజూ బసంత్‌నగర్ నుంచి బస్సులో వచ్చేది. చెయ్యి మెత్తన, నోరు గట్టిది. నాతో రోజుకు రెండుసార్లు పోట్లాడేది. నాకు ఆ అమ్మాయంటే ప్రాణం.

ఇక ఆ పాప. పుట్టినప్పుడు ఊపిరి అందక మెదడు దెబ్బతిని, కాళ్లూ చేతులూ బిగుసుకుపోయాయి. మెడ నిలకడగా ఉండదు. మాట స్పష్టంగా రాదు కానీ అన్నీ అర్థమవుతాయి. వాళ్లుండేది సెంటినరీ కాలనీ అవతల ఒక కిరాయి గదిలో. తండ్రి కాంట్రాక్టు కింద లారీ నడుపుతాడు. తల్లి రోజూ పాపను చంకనెత్తుకుని రెండు ఆటోలు మారి మా దగ్గరికి తెచ్చేది. మూడేళ్లు ఫిజియో ఆ కాళ్ల మీద కష్టపడింది. నూనె రాసింది, పట్టీలు కట్టింది, తిట్టింది, ముద్దులు పెట్టింది. తొమ్మిదో ఏట పాప వాకర్ పట్టుకుని నిలబడింది.

దాని వెనక ఒక చిన్న ఉపాయం ఉంది. మధ్యాహ్నం అయ్యాక ఓపెన్‌కాస్టు గనిలో బొగ్గు కోసం బ్లాస్టింగ్ జరుగుతుంది. నేల కదులుతుంది, కిటికీలు గలగలమంటాయి. మిగతా పిల్లలు చెవులు మూసుకుని ఏడుస్తారు. ఈ పాప ఒక్కతే పకపకా నవ్వేది. ఫిజియో అది కనిపెట్టింది. రోజూ ఆ వేళకు పాపను వాకర్‌తో వరండాలో నిలబెట్టి, "బాంబు పేలేదాక నిలబడాలె బిడ్డా, పేలినంక ఒక్క అడుగు" అనేది. పేలేది. పాప నవ్వేది. అడుగు పడేది. అట్లా ఒక్కో అడుగూ కూడబెట్టి, ఆ ఎండాకాలానికి వరండా ఈ చివర నుంచి ఆ చివరకు నడిచింది. పెద్ద మేడమ్ ఏడ్చింది. నేను దగ్గు వచ్చినట్టు నటించి బయటికి పోయాను.

వానలు మొదలైనప్పుడు సర్కారు నుంచి ఆ సర్క్యులర్ వచ్చింది. ఇకమీదట మాలాంటి కేంద్రాలకు గ్రాంటు పిల్లల హాజరును బట్టే వస్తుంది. ఆ హాజరు పుస్తకంలో వేస్తే చెల్లదు, ఫోన్‌లోని యాప్‌లో పిల్లల ముఖం పట్టించాలి. నెలకు ఇన్ని రోజులకంటే తగ్గితే ఆ పిల్ల పేరు జాబితాలోంచి పోతుంది. జాబితాలో ఇంతమందికంటే తగ్గితే కేంద్రానికి గ్రాంటే ఆగిపోతుంది. మా దగ్గర సరిగ్గా ఆ కనీస సంఖ్యే ఉంది. ఒక్క పేరు పోయినా తలుపు మూసుకోవలసిందే.

అది నాలుగు పేజీల కాగితం. మూడో పేజీ సగానికి ఆదేశాలు అయిపోయి, ప్రతులు ఎవరెవరికి పంపారో ఆ జాబితా మొదలైంది. టైమాఫీసులో ముప్పై రెండేళ్లు నేను చూసిన ఏ సర్క్యులర్‌లోనైనా ఆ జాబితాతో సంగతి ముగుస్తుంది. మేనేజరుకు ఒక ప్రతి, ఆయన పై అధికారి ఏజెంటుకు ఒకటి, యూనియన్‌కు ఒకటి, నోటీసు బోర్డుకు ఒకటి. అది రాగానే అక్కడ కాగితం మడిచి ఫైల్‌లో పెట్టేవాళ్లం. ఇక్కడా మడిచి పెట్టాను.

"పూర్తిగ చదివినవా తమ్ముడూ?" అని పెద్ద మేడమ్ అడిగింది.

"చదివిన మేడమ్. మస్టర్ రూలే. నాకు కొత్తనా ఏంది?" అన్నాను.

ఆ మాటలో ఎంత పొగరుందో ఇప్పుడు వినిపిస్తుంది. మర్నాడు గేటు దగ్గరి నల్లబోర్డు మీద బాయి మీద రాసినట్టే పెద్ద అక్షరాలతో రాశాను: మస్టర్ తప్పిన పిల్లల పేరు తొలగించబడును. కింద గీత కూడా గీశాను. ఫిజియో చూసి, "ఏంది సార్ గది, పిల్లలను భయపెట్టినట్టున్నది" అంది. "భయముంటేనే వస్తరు" అన్నాను.

ఆ పాప తల్లి నాలుగు అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది. బోర్డు ముందు చాలాసేపు నిలబడింది. పాపను చంకన అటునుంచి ఇటు మార్చుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"సార్, బిడ్డకు పానం మంచిగ లేకుంటెనో?"

"అమ్మా, బాయి మస్టర్ ఎట్లుంటదో తెల్వదా నీకు? గిది సుత గంతే."

"తెల్వకేంది సార్. మా మామ డ్యూటీ గట్లనే పాయె. మా ఇల్లు గప్పటి సంది లేవనే లేదు."

ఇంకేమీ అడగలేదు. ఆమెకు అంతకంటే వివరించవలసిన అవసరం కూడా లేదు. ఇంకో ఊరి తల్లి అయితే అధికారులను బతిమాలేది, నాతో గొడవపడేది, నాలుగు రోజులు మానేసి ఏమవుతుందో చూసేది. మా బొగ్గుబాయి ఇళ్లలో ఆ మాట అంటే చాలు, ఇక ఎదురు ప్రశ్న ఉండదు. అది నాకు తెలుసు. తెలిసే ఆ మాట వాడాను.

ఆ నెలలో వాన తెరిపి ఇవ్వలేదు. ఒక సోమవారం ఆమె పాపను ప్లాస్టిక్ కవరు కప్పి తెచ్చింది. కవరు కింద పాప తడిసే ఉంది. ఫిజియో నుదుటి మీద చెయ్యిపెట్టి నా గదిలోకి పరుగెత్తుకొచ్చింది.

"సార్, పాప ఒళ్లు కాలుతాంది. జల్ది ఇంటికి తోలుదాం. దవాఖానకు పొమ్మందాం."

"ఫోటో పడనీ. పడంగనే తోలుదాం."

ఫోటో పడలేదు. ఆ యాప్‌కు ముఖం కదలకుండా ఉండాలి, కళ్లు ఆర్పాలి. ఈ పాప మెడ ఎప్పుడూ ఊగుతూనే ఉంటుంది. మామూలు రోజుల్లోనే పది నిమిషాలు పట్టేది. ఆ రోజు జ్వరంతో తల వాలిపోతోంది. తల్లి కింద కూర్చుని రెండు చేతులతో బిడ్డ ముఖం పట్టుకుంది. "నిలబెట్టు బిడ్డా, జరంత సేపు. గటు సార్ దిక్కు చూడు. కన్ను ఆర్పు." నేను ఫోన్ పట్టుకుని ఒంగి నిలబడ్డాను. ముక్కాలు గంట అయింది. తడిబట్టలు ఒంటి మీదే ఉన్నాయి. వాటిని ముందు మార్చాలని మాలో ఒక్కరికీ తోచలేదు. నాకైతే అసలే తోచలేదు. ఆఖరుకు ఫోన్‌లో పచ్చ గుర్తు పడింది. "పడ్డది!" అని అరిచాను. పాప నన్ను చూసి నవ్వడానికి ప్రయత్నించింది.

మంగళవారం వచ్చారు. బుధవారం కూడా వచ్చారు. బుధవారం ఫిజియో నాతో మాట్లాడలేదు. గురువారం వాళ్లు రాలేదు. మొదట పెద్దపల్లిలో చూపించి, అక్కడివాళ్లు పొమ్మంటే కరీంనగర్ తీసుకుపోయారని ఫోన్ వచ్చింది. ఊపిరితిత్తులకు నెమ్ము చేసిందన్నారు.

మరుసటి ఆదివారం చూడడానికి వెళ్లాను. తల్లి వార్డు బయట గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి లేచి నిలబడింది. బిడ్డ ఎట్లా ఉందని నేను అడగకముందే, "సార్, పేరు పోలేదు గద? చాతనైనన్ని దినాలు ఒక్క మస్టర్ సుత పోనియ్యలే సార్" అంది. నాకు దణ్ణం పెట్టి మరీ చెప్పింది.

బస్సులో వస్తున్నంతసేపూ ఆ దణ్ణం నన్ను వదల్లేదు. ఏ దారైనా దొరుకుతుందేమో, పాప పేరు నిలబెట్టడానికి ఏదైనా సందుందేమో చూద్దామని ఇంటికి పోకుండా నేరుగా కేంద్రానికి వెళ్లి ఆ సర్క్యులర్ తీశాను. మూడో పేజీ తిప్పాను. ప్రతుల జాబితా నాలుగో పేజీలో రెండు వరుసలు నడిచి ఆగిపోయింది. దాని కింద వివరణలు అని చిన్న అక్షరాలతో ఒక శీర్షిక. అనారోగ్యంతో రాలేని పిల్లల విషయంలో డాక్టరు చీటీ పంపితే ఆ రోజులు హాజరుగానే పరిగణిస్తారు. కదిలే స్థితిలో లేని పిల్లలకు కేంద్రం సిబ్బందే ఇంటికి వెళ్లి ఫోటో తీసుకోవచ్చు. అంత శుభ్రంగా, అంత దయగా రాసి ఉంది. రాసినవాళ్లెవరో గానీ ఇలాంటి పిల్లలను దగ్గరనుంచి చూసినవాళ్లే. తప్పు కాగితంలో లేదు.

సోమవారం పొద్దున్నే మేడమ్‌కూ ఫిజియోకూ చూపించాను. మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఫిజియో ఆ రెండు వాక్యాలను వేలు పెట్టి చదివింది.

"నేనే పోయి ఫోటో తీసుకచ్చేదాన్ని గద సార్" అంది. అంతే. నన్ను తిట్టలేదు. బయటికి పోయి గేటు దగ్గరి బోర్డును తడిగుడ్డతో తుడిచేసింది.

"తల్లికి చెప్పాలె మేడమ్" అన్నాను.

"ఇప్పుడొద్దు తమ్ముడూ. ఆమె దవాఖానల ఉన్నది. బిడ్డ కోలుకోనీ" అంది ఆమె. మంచి మనసుతోనే అంది. నేను ఆ 'ఇప్పుడొద్దు'ను పట్టుకుని ఏడాది దాటించాను. పిరికివాడికి సాకు దొరికితే ఎంత గట్టిగా పట్టుకుంటాడో నన్ను చూసి తెలుసుకోవచ్చు.

డాక్టరు చీటీ పంపాను. పాప పేరు నిలిచింది. కేంద్రానికి గ్రాంటు వచ్చింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు. కాగితాల పని సార్‌కు అప్పగిస్తే ఇక ఫికర్ లేదన్నారు ట్రస్టువాళ్లు.

నెలన్నర మంచం మీద ఉన్నాక పాప తిరిగి వచ్చింది. కాళ్లు మళ్లీ బిగుసుకుపోయి మోకాళ్లు పొట్టలోకి ముడుచుకున్నాయి. ఫిజియో ఏమీ అనకుండా మొదటి రోజు నుంచి మళ్లీ మొదలుపెట్టింది. నూనె, పట్టీలు, తిట్లు. ముద్దులు కూడా. ఈసారి కాళ్లు వినలేదు. ఒక మధ్యాహ్నం బ్లాస్టింగ్ వేళకు పాపను వరండాలో కుర్చీలో కూర్చోబెట్టారు. పేలింది. కిటికీలు గలగలమన్నాయి. పాప నవ్వలేదు. వంగి తన కాళ్లకేసి చూసుకుంది. నేను గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. ఆ వాకర్ చాలా రోజులు నా బీరువా పక్కన గోడకు ఆనించి ఉంది. తర్వాత ఇంకో బాబుకు ఇచ్చారు.

ఆ తడిసిన మూడు రోజులవల్లే అట్లా జరిగిందా అని ఒక డాక్టరును అడిగాను. "చెప్పలేం, ఇలాంటి పిల్లలకు ఇంట్లో ఉన్నా రావచ్చు" అన్నాడు. ఆ ఒక్క ముక్కను జేబులో పెట్టుకుని తిరిగాను. నిద్ర పట్టనప్పుడు బయటికి తీసి చూసుకునేవాడిని. కొన్నాళ్లకు అది కూడా పనిచేయడం మానేసింది.

ఆ ఏడాదంతా తల్లి నాతో ఎప్పటిలాగే మాట్లాడింది. సంక్రాంతికి సకినాలు తెచ్చిచ్చింది. నేను తినలేక ఆఫీసులో పంచేశాను. ఆమె మాత్రం చిక్కిపోయింది. నవ్వు తగ్గింది. బిడ్డ దిగులు అనుకున్నాను. అంతకుమించి ఆలోచించలేదు.

నా కంటిచూపు తగ్గి, ఇక పని చాలించుకుంటానని చెప్పినప్పుడు కేంద్రంలో చిన్న వీడ్కోలు పెట్టారు. తల్లిదండ్రులంతా వచ్చారు. శాలువా కప్పారు. పెద్ద మేడమ్ నా గురించి మాట్లాడుతూ, "తమ్ముడు చూడని కాయితం లేదు" అంది. పాపం, ఆమె ఉద్దేశం వేరు. ఫిజియో తల దించుకుంది. నాకు ఆ శాలువా మోయలేనంత బరువైంది.

అందరూ మిక్చరూ చాయ్ తీసుకుంటున్నప్పుడు ఆ తల్లిని నా గదిలోకి పిలిచాను. చక్రాల కుర్చీలో పాపను కూడా తోసుకుని వచ్చింది. ఫైల్‌లోంచి ఆ నాలుగో పేజీ తీసి బల్ల మీద పెట్టాను. ఏం రాసి ఉందో చెప్పాను. ఎప్పుడు చదివానో కూడా చెప్పాను. అనుకున్నంత కష్టం కాలేదు. రెండు నిమిషాల పని. ఏడాది పైగా ఆ రెండు నిమిషాలను దాచుకున్నాను.

ఆమె ఆ కాగితాన్ని దగ్గరికి జరుపుకుంది.

"గిది ముందుగాల్నే ఉన్నదా సార్?"

"ఉన్నది."

"మీకు తెల్వదా, తెలిసి చెప్పలేదా?"

"అప్పుడు చదవలే అమ్మా. తర్వాత తెలిసింది. తెలిసినంక చెప్పలే."

ఆమె వంగి పాప మూతి కొంగుతో తుడిచింది. తర్వాత నా ముఖం చూడకుండా అంది.

"ఆ సోమారం మా ఆయన పంపకు అన్నడు సార్. వానల ఎందుకే, పోతే పోనీ పేరు అన్నడు. నేనే ఇనలే. నేనే తోల్కచ్చిన. గిన్నొద్దుల సంది నా బిడ్డను నేనే గిట్ల చేసుకున్ననని..."

ఆయన కూడా ఆమెను ఏమైనా అన్నాడా, ఇంట్లో ఏం జరిగిందో నేను అడగలేదు. నా నోటిలో ఉండిపోయిన రెండు నిమిషాల మాట ఇన్నాళ్లూ వాళ్ల కిరాయి గదిలో ఆమె మీద పడుతూనే ఉందని అప్పుడు అర్థమైంది. ఆ వానాకాలం చేసింది పొరపాటు. ఆ తర్వాత రోజూ చేసింది మాత్రం పొరపాటు కాదు. క్షమించమని అడుగుదామనుకున్నాను. ఏ ముఖంతో అడగాలో తెలియక ఊరుకున్నాను.

తిడుతుందనుకున్నాను. శాపం పెట్టినా పడాలనుకున్నాను. ఆమె చేతిసంచి తెరిచి మడతపెట్టిన కాగితం ఒకటి తీసి నా ముందు పెట్టింది.

"గిది మొన్న అచ్చింది సార్. బిడ్డ పింఛన్‌దట. మల్ల దవాఖానల చూపెట్టి కొత్త కార్డు తేవాలెనట. చదువున్రి." కాగితం కింది కొసను వేలితో చూపింది. "ఆఖరు దాక చదువున్రి."

కళ్లద్దాలు పెట్టుకున్నాను. చిన్న అక్షరాలు సరిగ్గా కనబడడం లేదు, కాగితాన్ని కిటికీ వెలుతురుకు పట్టుకున్నాను. మొదటి వరుస నుంచి ఒక్క పదం వదలకుండా చదివి తెలుగులో చెప్పాను. ఏ తారీఖులోపు వెళ్లాలో, ఏమేం తీసుకుపోవాలో, రాలేని పిల్లలకు ఏ వీలుందో, అన్నీ. ప్రతులు ఎవరెవరికి పంపారో ఆ పేర్లు కూడా చదివాను. ఆమె ఇక చాలు అనలేదు. నిలబడే విన్నది.

అయిపోయిందని చెప్పాను. ఆమె ఆ కాగితం నా చేతిలోంచి తీసుకుని, తిప్పి, వెనకవైపు చూసింది. వెనకంతా తెల్లగానే ఉంది. అయినా నాకు చూపించి, "ఇటు ఏం లేదు గద సార్?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను.